నేను తలుపు పట్టుకున్నది ఎవరికి?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. అందుకే ఇది చెప్పాలంటే భయం కాదు, సిగ్గేస్తోంది.

తార్నాకలో అద్దెకుంటూ యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాను. మా ల్యాబ్ తలుపు కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లాలి. వెనకే ఇంకొకరు దూరితే గుమ్మంలోని సెన్సర్ పసిగట్టి ఆ కార్డు ఆపేస్తుంది. ఎవరికీ తలుపు పట్టుకోవద్దని మాకు క్లాసు కూడా పీకారు.

ఆ పొద్దున కార్డు చూపించి వెనక్కి తిరిగితే ఒక పెద్దాయన. తెల్లచొక్కా, చంకలో గొడుగు. అంత పెద్దమనిషిని ఆపి మీ కార్డేదని ఎలా అడుగుతాం? పక్కకు జరిగి తలుపు పట్టుకున్నాను. "సల్లగుండు బిడ్డా" అంటూ లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి నా కార్డు ఆగిపోయింది. సెక్యూరిటీ ఆఫీసర్ పిలిపించాడు. గుమ్మం దగ్గర కూర్చునే వాచ్‌మన్ మల్లేశన్న అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవలు రాలె సార్. మేడం ఒక్కలే వచ్చిన్రు."

నేను నిజాయితీకి పోయి, పెద్దాయన వచ్చాడనీ, మల్లేశన్న ఎదురుగానే ఉన్నాడనీ గట్టిగా చెప్పాను. ఆఫీసర్ మల్లేశన్న మీద మండిపడ్డాడు. "మళ్ల అబద్ధం గూడనా? రేపటి సంది డ్యూటీకి రాకు." మల్లేశన్న నా వైపు ఒక్కసారి చూశాడంతే.

ఆ తర్వాత గానీ కెమెరా వీడియో పెట్టలేదు. నేను తలుపు తెరిచాను, పక్కకు జరిగాను, తల వంచి నవ్వాను. ఎదురుగా ఎవరూ లేరు. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా మాట మీద ఒక మనిషి ఉద్యోగం పోబోయింది.

ఆయన ఉద్యోగం నిలిచింది. సెన్సర్ ఇద్దరని ఎందుకు చూపిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నేను ఇంకొకటి చూశాను. నేను తల వంచినప్పుడే వీడియోలో మల్లేశన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

బయటికొచ్చాక క్షమించమని అడిగాను. నువ్వెందుకు లేచావన్నా అనీ అడిగాను.

"తెల్వది మేడం. ఎవలూ కనవడలె. గని కూసోబుద్ధి గాలె."

అదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు నేను ఎవరికీ తలుపు పట్టుకోను. వెనక ఎవరూ లేరని చూసుకునే వేస్తాను. అయినా వేసిన ప్రతిసారీ ఆ పెద్దాయన మొహం మీదే వేసినట్టు సిగ్గుపడతాను.