పక్కింటి కొట్టంలో మేకలు

మా చిన్నకోడలు ఏ మాట చెప్పాలన్నా ముందు కొంగుతో చేతులు తుడుచుకుంటుంది, చేతులు పొడిగా ఉన్నా సరే. దత్తతకు బిడ్డను ఇచ్చే ముందు మా ఇల్లు చూడడానికి గురువారం ఆఫీసు మేడం వస్తుందని తెలిసింది. వాసనొస్తే బిడ్డనియ్యరని నేనే మా మేకలన్నింటినీ పక్కింటి కొట్టంలో కట్టేయించాను.

"పాప ఏడిస్తే ఎట్ల ఊకుంచుతవమ్మా?" అని మేడం అడిగింది.

కోడలు చేతులు తుడుచుకుంది. "మేకపిల్లను సూపిస్త మేడం."

"మేకలున్నయా? ఏవీ?"

కోడలు నా దిక్కు చూడనన్నా చూడలేదు. మళ్లీ చేతులు తుడుచుకుంది. "పక్కింట్ల కట్టేసిన. వాసనొస్తదని నేనే దాపెట్టిన. తప్పయింది."

మేడం నవ్వింది. "పాప వచ్చేటాళ్లకు తోలుకొచ్చుకోండ్రి."

ఆ పాప ఇప్పుడు మేకల వాసనతోనే వచ్చి నా పక్కలో పడుకుంటుంది. మేకలను కట్టేయించింది నేనేనని ఆ రోజు మేడంతో ఒప్పుకోలేదు.