వసుంధరగారి వార్డులో పర్లేదు అనకూడదు

మొన్న శనివారం హెర్న్‌డన్‌లో సరళక్క వాళ్లింట్లో పార్టీ. మగవాళ్లు బేస్‌మెంట్‌లో విస్కీ సీసా మూత తీశారు. ఆ వాసన మెట్లెక్కి, పైన గారెలు వేయిస్తున్న నా దాకా వచ్చింది. చిల్లుల గరిటె పక్కన పెట్టి కిటికీ తెరిచాను. "పాపం, సుధకి ఆ వాసనే పడదు. పద్ధతైన పిల్ల," అంది సరళక్క. కింద వాళ్లందరూ కలిసి తాగేదానికంటే ఎక్కువే నేనొక్కదాన్ని ఒక్క పూటలో పుచ్చుకున్నాను, అదీ నరంలోకి, డాక్టరు ఆర్డరు మీద. ఆ సంగతి చెప్పడం మొదలుపెడితే గారెలు మాడిపోతాయని ఊరుకున్నాను.

డెబ్భైల చివర, అమెరికా వచ్చిన కొత్తలో, నాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అప్పట్లో నొప్పులు ఆపడానికి ఆల్కహాల్ డ్రిప్ పెట్టేవాళ్లు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో పుట్టినదాన్ని, కాసేపట్లో తాగుబోతునయ్యాను. పాటలు పాడానట. నర్సుని వదినా అని పిలిచానట. పక్కంతా వాంతి చేసుకున్నానట. నాకు మిగిలినవన్నీ 'అట'లే. నొప్పులు మాత్రం ఆగలేదు. బాబు పుట్టాడు, ఆ సాయంత్రమే పోయాడు. నాకు మత్తు దిగేసరికి వాణ్ణి తీసుకెళ్లిపోయారు. "నువ్వు చూసే స్థితిలో లేవు సుధా," అన్నాడు మా ఆయన మూర్తి. "హ్యాంగోవర్ అంటే ఏమిటో తెలిసింది లెండి," అన్నాను నేను. అమ్మయ్య, ఈ అమ్మాయి తట్టుకుంది అనుకున్నారు అందరూ.

మూడేళ్ల తర్వాత మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ వసుంధరగారి దగ్గరికి వెళ్లాను. కాకినాడలో చదివి, ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. అయిదడుగులు కూడా ఉండరు. తెల్లకోటు కింద నేతచీర, కాళ్లకి స్నీకర్స్, ముక్కు మీద కోపం.

"మొదటిసారి ఏం మందిచ్చారు?" అని అడిగారు.

"బ్రాండు చెప్పలేదండీ."

ఆవిడ నవ్వలేదు. "బిడ్డని చూశావా?"

"లేదండీ. నేను... లేదండీ."

పెన్ను బల్ల మీద విసిరికొట్టారు. "కోపం రాలేదా నీకు?"

"ఎవరి మీదండీ? మందు పనిచెయ్యకపోతే వాళ్లేం చేస్తారు?"

"పనిచెయ్యకపోతే పోయింది. కన్నతల్లికి తెలివి లేకుండా చేసి, ఆ ఒక్క పూటా బిడ్డని చూడనివ్వలేదు. దానికి రావాలి కోపం."

ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే వచ్చింది, మూడేళ్లు ఆలస్యంగా. చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. పగల్లేదు. స్టీలు గ్లాసులతో అదే చిక్కు.

ఏడో నెలలో మళ్లీ నొప్పులు. ఈసారి రిటోడ్రిన్ అని కొత్త మందు. "ఆల్కహాల్ రోజులు పోయాయి," అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, తనే కనిపెట్టినట్టు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం నాకు ఇంజెక్షన్ ఇచ్చారు. అది పనిచెయ్యాలంటే రెండు రోజులు నొప్పులు ఆగాలి. ఆగాయి. గుండె మాత్రం పరుగందుకుంది, చేతులు వణికాయి. అది మామూలే అన్నారు. మర్నాడు దగ్గు మొదలైంది, గాలి సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. కుర్ర డాక్టరు అడిగితే "ఫైన్" అన్నాను. మూర్తి అడిగితే "పర్లేదు" అన్నాను. ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగాలేదని మొహం మీద చెప్పడం మా ఇళ్లల్లో అమర్యాద.

మధ్యాహ్నం వసుంధరగారు వచ్చారు. ఆవిడ నోరు తెరవకముందే, దగ్గు మధ్యలో, "పర్లేదండీ," అన్నాను.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ డ్రిప్పు స్టాండుతో కొడతాను. ఊపిరి ఆడుతోందా?"

"గుండెల్లో గుర్రప్పందెం నడుస్తోందండీ, టికెట్లు పెడితే—"

"జోకు తర్వాత. ఊపిరి ఆడుతోందా, లేదా?"

"ఆడట్లేదు," అన్నాను. ఏడుపొచ్చింది.

వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, డ్రిప్పు స్వయంగా ఆపేశారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కుర్ర డాక్టరు నొప్పుల గ్రాఫు పట్టుకొచ్చి, "బట్ ఇట్స్ వర్కింగ్!" అన్నాడు. ఆవిడ అతన్ని ఇంగ్లీషులో తిట్టారు, చాలక తెలుగులో తిట్టారు. అతనికి తెలుగు రాకపోయినా అర్థమైంది. మూర్తికి తెలుగు వచ్చు కాబట్టి వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆక్సిజన్ పెట్టించి, ఆ నీరు దిగేదాకా ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. నొప్పులు మళ్లీ తిరగబెడితే, ఊపిరి కుదుటపడ్డాక, మెగ్నీషియం ఎక్కించారు. ఒళ్లంతా పెనం మీద పెట్టినట్టు కాలింది, నాలుక మొద్దుబారింది.

"మూడూ చూశావు కదా, ఏది మేలు?" అని అడిగారు, నిజంగానే తెలుసుకోవాలని.

"మొదటిదాంట్లో కనీసం పాటలున్నాయండీ."

అప్పుడు నవ్వారు. జోకుకీ ఒక సమయం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ రెండు రోజులూ గడిచాయి. పాప పుట్టింది. ఇంక్యుబేటర్‌కి తీసుకుపోతున్న నర్సుని ఆపి, "ముందు తల్లికి చూపించు," అన్నారు ఆవిడ. చూశాను. ఎర్రగా, పిడికిళ్లు బిగించి, అందరి మీదా కోపంగా ఉంది. అచ్చం డాక్టరుగారి పోలిక.

ఈ వసంతంలో ఆవిడ పోయారు. సంతాప సభలో ఒక్కొక్కరే లేచి ఆవిడ ఆత్మకి శాంతి కలగాలన్నారు. శాంతితో ఆవిడకేం పని?

కిటికీ దగ్గర నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే సరళక్క వచ్చింది. "కొంచెం వాసనేగా, పర్లేదు కదే?"

"లేదక్కా. బాగాలేదు."

స్టవ్ ఆపి మెట్లు దిగాను. సీసా అందుకుని మూత బిగించాను. "ఏంటి సుధా, పోలీసు రెయిడా?" అన్నారెవరో.

"మా బాబు పుట్టి పోయిన రోజు నా ఒంట్లోంచి వచ్చిన వాసన ఇదే," అన్నాను.

నా నోటి సంగతి తెలిసినవాళ్లు కదా, వెనకాలే ఒక జోకు వస్తుందని కాసేపు చూశారు.

జోకు తర్వాత.