సుశీల ఆంటీ చెట్టుకు బదులు చెట్టు

ఆదివారం పొద్దున ఏడున్నరకు ద్వారకలో మా సొసైటీ గేటు దాటాను. ఛత్తర్‌పూర్ వైపు నర్సరీలకు ప్రయాణం. నా చేతిలో చచ్చిపోయిన ఒక బోన్సాయ్ లాంటిదే ఇంకొకటి కొని, ఎవరికీ తెలియకుండా దాని కుండీలో పెట్టేయాలని.

చెట్టు ఎదురింటి సుశీల ఆంటీది. నెల్లూరావిడ, రిటైరైన టీచరు. మోకాలి ఆపరేషన్‌కు పుణేలో కూతురి దగ్గరికి వెళ్తూ నాకు అప్పగించింది. జానెడు జునిపర్, దేవదారు లాంటి చలిదేశపు చెట్టు. పదకొండేళ్లుగా కొమ్మలు కత్తిరించి, తీగలు చుట్టి వంచుకుంటూ పెంచింది. "బాల్కనీలో ఎండ తగిలేచోటే ఉంచమ్మా. మట్టి ఆరినాక నీళ్లు పొయ్యి, అంతే" అంది. వచ్చే వారం తిరిగొస్తోంది.

జనక్‌పురి వెస్ట్‌లో ఒకసారి, హౌజ్ ఖాస్‌లో ఒకసారి మెట్రో మారి తొమ్మిదింటికి ఛత్తర్‌పూర్‌లో దిగాను. రాజీవ్ చౌక్ మీదుగా వెళ్లేకన్నా ఈ దారే నయం, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. స్టేషన్ బయట టీ, బ్రెడ్ పకోడా. అక్కణ్ణుంచి ఈ-రిక్షా.

మూడో నర్సరీలో జునిపర్లు కనిపించాయి, నల్ల సంచుల్లో గుబురుగా. నర్సరీ పెద్దాయనకు ఫోన్‌లో ఆంటీ చెట్టు ఫొటో చూపించి, అచ్చం ఇలాంటిదే కావాలన్నాను.

"ఇలాంటిది కొనలేవు బేటీ, చేసుకోవాలి" అన్నాడు. "పాతది ఎక్కడ పెట్టావు?"

"ఇంట్లో, టేబుల్ మీద."

"ఇంట్లోనా? ఎందుకు?"

ఆఫీసు వీడియో కాల్స్‌లో నా వెనక అందంగా కనబడాలని. మేనేజర్ మెచ్చుకుంటే నేనే పెంచానని కూడా చెప్పాను. రెండు నెలలు హీటర్ పక్కనే ఉంది. ఇదంతా ఆయనకు చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఆయన తిట్టలేదు. "ప్రాణం పోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే ఉంటుందిది. నువ్వు చచ్చినదానికి నీళ్లు పోశావు" అన్నాడు.

రెండొందల యాభైకి ఒక మొక్క ఎంచి ఇచ్చాడు, మొదలు లావుగా ఉన్నది. బెరడు గోటితో గీకి కింద పచ్చదనం చూపించాడు. పైమట్టి కొద్దిగా తోడి, వేర్లు ఎక్కడ మొదలయ్యాయో చూడమన్నాడు. ఎండుకొమ్మలు, అడ్డదిడ్డంగా పోయినవి నా చేతే కత్తిరించాడు. మూడోవంతు కాకముందే కత్తెర లాక్కున్నాడు. "ఈ ఏటికి ఇంతే. కుండీ మార్చడం వచ్చే ఏడు. బయట ఎండలో పెట్టు."

అంటే ఆంటీ కుండీలోకి ఇప్పుడు పోదు. నా చేతిలో ఉన్నది ఎవరి కళ్లూ కప్పలేని పొద.

పదకొండున్నరకు తిరుగు మెట్రోలో నిలబడే ఆంటీకి ఫోన్ చేశాను. టేబుల్, హీటర్, మేనేజర్, అన్నీ చెప్పాను. ఎదురు సీట్లో కూర్చున్న ఒక విద్యార్థి చప్పున తలెత్తాడు. తెలుగువాడే. "అక్కా, కూర్చోండి" అని లేచి చోటిచ్చాడు. ఆ మర్యాదకు ఇంకా చితికిపోయాను.

"పోయిన వారం పంపిన ఫొటో?" అంది ఆంటీ.

"అది పాత ఫొటో ఆంటీ. చెట్టు అప్పటికే పోయింది."

"పాతదాన్ని పారెయ్యొద్దు. నేనొచ్చి ఒకసారి చూసుకోవాల" అంది.

పొద్దున బయల్దేరేటప్పుడే దాన్ని కుండీలోంచి పీకి చెత్తబండిలో వేశాను. అదీ చెప్పాను.

"సరే, ఇంటికి పో" అంది. "ఆ కొత్తదానికన్నా ఎండ తగలనీ." ఫోన్ పెట్టేసింది.

జునిపర్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఈ నర్సరీలకు ధైర్యంగా వెళ్లండి. పొద్దున్నే వెళ్తే ఓపిగ్గా నేర్పుతారు, ఖర్చూ తక్కువే. నేను మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకు ద్వారకలో దిగి, సంచిని రెండు చేతులతో పట్టుకుని, ఎవరైనా ఏం చెట్టని అడుగుతారేమోనని తల దించుకుని ఇంటికి నడిచాను.