బోణీ రేటు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ దించేస్తున్నాను, వినండి. ఒకటే సంబరంగా ఉంది.

మాది హిందూపురంలో టీపొడి కొట్టు. నీలగిరి నుంచి మంచి ఆకు తెప్పించి డబ్బాల్లో పెడితే అడిగిన నాథుడు లేడు. ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టుముక్కలతో చిన్న సంచులు కుట్టించి అదే ఆకు పోస్తే, బెంగళూరు పెద్ద హోటళ్ళు ఎగబడ్డాయి. డబ్బాకు పలకని ధర సంచికి పలికింది! కొట్లోనే గంతులేశాను.

ఆ సంచులు కుట్టింది పెనుకొండ మాబున్నక్క, ఆమె వీధిలోని ఆడవాళ్ళు. మొదటిరోజు రేటు అడిగితే నవ్వి, "బోణీ కదన్నా, నీకు తోచింది ఇయ్యి" అంది. నాకు చాలా తక్కువ తోచింది. బోణీ బేరం ఆ పూటకేనని వ్యాపారి ఇంట్లో పుట్టినవాడికి తెలియదా? తెలుసు. అయినా ఆమె మొహమాటాన్నే రేటుగా ఖాయం చేసేశాను.

ఏడాది చూసి ఆమే అడిగింది. "అన్నా, ఇంగా బోణీ రేటే నడుస్తాండాది. ఏమన్నా పెంచుతావా?"

"టీ యాడ అమ్ముడు పోతాండాదక్కా? నష్టంలో ఉండా."

"అయ్యో పాపం. సర్లే, మావాళ్ళకు నేను చెప్పుకుంటా."

పాపమట, నేను! అప్పుడు నా జేబులో హోటల్ వాళ్ళ ఫోను మోగుతూనే ఉంది. ఎందుకలా అన్నాను? ఒకసారి నిజం చెబితే పాతదంతా అడుగుతుందనా? అడిగితే ఏం, ఆమె కష్టమే కదా?

ఇవాళ పొద్దున మాబున్నక్కకు కొత్త ఆర్డరు చెప్పబోయి, ఫోనులో నిజం చెప్పేశాను. సంచి టీ ఎంతకు అమ్ముతానో, సంచుల మీద ఏనాడూ నష్టం రాలేదనీ, పాత బాకీ అంతా లెక్కకట్టి ఇస్తాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అంతా విని ఆమె అంది: "నీ మాట నమ్మి అందరికీ నేనే సర్దిచెప్తి కదన్నా. నేను మధ్యలో తింటాండానని ఒగామె కుట్టేదే మానేసింది. దుడ్లు తర్వాత. ముందు నువ్వొచ్చి ఆ మాట వాళ్ళ ముందర చెప్పు." ఫోను పెట్టేసింది.

పెనుకొండ బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. క్షమిస్తానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. వాళ్ళు తిట్టొచ్చు, తరిమేయొచ్చు. అయినా ఈ సంబరం ఆగడం లేదే! "మాబున్నక్క ఏమీ తినలేదు, తిన్నది నేను" అని పైకే అనుకుంటున్నాను. పక్క సీటాయన అదోలా చూశాడు. ఆయనకూ చెప్పేశాను.