విమానానికి వాకిలి

పోలీస్ చర్య ముగిసిన కొత్తలో నేను బెజవాడ నుంచి వెళ్లిన కాంపౌండర్ని. నల్గొండ దగ్గర మొరం పోసి చదును చేసిన విమానాల మైదానంలో కలరా మందు కోసం ఎదురుచూస్తున్నాను. ఆ మొరం మోసిన కూలీ అవ్వ ఒకామె, మైదానం చివర పేడనీళ్ల సాన్పి చల్లి, సున్నంతో పందిరంత ముగ్గు వేస్తోంది.

"విమానానికి ముగ్గెందుకవ్వా?" అని నవ్వాను.

"సుట్టం వస్తాండు గద బిడ్డా! వాకిలి యాడున్నదో తెల్వద్దా?"

విమానం రెండుసార్లు చుట్టు తిరిగి, మూడోసారి నేరుగా దిగింది. పైలట్ మందుల పెట్టె నా చేతికిస్తూ హిందీలో అన్నాడు: "పైనుంచి అంతా ఒకటే ఎర్రమట్టి. ఆ ముగ్గు లేకపోతే వెనక్కి పోయేవాణ్ణి."

నాకిక నవ్వు రాలేదు.

ఈలోగా అవ్వ అతని ముందు చెంబెడు నీళ్లు పెట్టి, అతని కాళ్ల వైపు చూపింది. "దూరంకెల్లి వచ్చినవ్. కాళ్లు కడుక్కో కొడుకా."

పైలట్ వంగి బూట్లు విప్పాడు.