చీరకు రెండో కొస

మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు పోయిన వారం లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు, ఇకమీదట బాల్కనీల్లో బట్టలు ఆరేయకూడదట, చూసేవాళ్లకు బాగుండదట. చదివి నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త ఒళ్లు కూడా మండింది, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట జర్మనీలో విన్న మాటే ఇప్పుడు నాచారంలో కూడా వినాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

మా ఆయన ఇక్కడే మిషన్లు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. కంపెనీ ఆయన్ని పని నేర్చుకురమ్మని ఏడాదిన్నర అక్కడికి పంపితే, పెట్టె నిండా పోచంపల్లి నూలు చీరలతో వెంట నేనూ వెళ్లాను. అప్పటిదాకా బట్టలంటే నాకు పని కాదు, కబుర్లు. నేనూ మా అత్తమ్మా దాబా మీద గంజి పెట్టిన చీరను చెరో కొసా పట్టుకుని, వెనక్కి వాలి గుంజి, జాడించి, ఎదురెదురుగా నడిచొచ్చి మడతపెట్టేవాళ్లం. మా ఇద్దరి మధ్య ఏ అలకైనా అక్కడే తీరిపోయేది, అవతలి కొస పట్టుకున్న మనిషితో ఎంతసేపని మాట్లాడకుండా ఉంటాం.

అక్కడ మాది మొదటి అంతస్తు. బాల్కనీలో బట్టలు కనబడకూడదని చేరిన రోజే చెప్పారు. అందరికీ కలిపి కింద ఒక ఉతికే మిషను, ఒక ఆరబెట్టే మిషను. అందులో వేసిన నా మొదటి చీర పురిపెట్టిన తాడులా బయటికొచ్చింది. మా ఆయన చూసి, "ఈడ చీరలెందుకే, నువ్వు సుత ప్యాంటు ఏసుకోరాదు" అన్నారు తేలిగ్గా. వేసుకోవచ్చు. కానీ భాష రాని ఊళ్లో, రోజంతా ఒక్కదాన్నే ఉండే ఇంట్లో, అద్దంలో కనబడే మనిషైనా నాకు తెలిసిన మనిషి కావాలి కదా. చీర కూడా వదిలేస్తే నేనిక అక్కడ ఉండలేనని, ఆయన్ని వదిలి వెనక్కి వచ్చేస్తానని నాకు లోలోపల తెలుసు.

ఒకరోజు మంచి ఎండ కాసింది. ఆశ ఆగక చీరకు గంజి పెట్టి, దాబా పిట్టగోడ మీద వేసినట్టే బాల్కనీ గోడ మీంచి కిందికి జారవిడిచాను. ఎగిరిపోకుండా ఇంటి దగ్గరైతే ఇటుక పెడతాం, అక్కడ ఇటుక దొరక్క ప్రెషర్ కుక్కరు పెట్టాను. కింద ఉండే ముసలావిడ కిటికీ మొత్తం చీర కప్పేసిందని చూసుకోలేదు.

కాసేపటికి ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. గట్టిగా ఏదో అంటూ లోపలికొచ్చి, కుక్కరును రెండు చేతులతో దించి, చీరను పైకి లాగింది. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకుని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ నన్నూ చీరనూ కాసేపు చూసి, ఒక కొస నా చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుని, వెనక్కి నడిచి గుంజింది. వాళ్లు దుప్పట్లు అట్లాగే మడుస్తారని తర్వాత తెలిసింది.

అక్కడ ఉన్నన్నాళ్లూ నా చీరలు ఆవిడ పెరట్లో తీగె మీదే ఆరాయి. ఒకరి మాట ఒకరికి రాకపోయినా మడతలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఫోనులో చెబితే అత్తమ్మ, "కొస వట్టేటోళ్లు దొరికిన్రు గద బిడ్డా, ఇగ నాకు ఫికర్ లేదు" అంది.

అత్తమ్మ పోయింది. దాబా ఉన్న ఇంటి జాగాలోనే ఈ అపార్ట్‌మెంటు లేచింది. మా ఆయన్ని పట్టుకోమంటే పడతారు గానీ, ఫోను మోగగానే వదిలేసిపోతారు. అందుకని ఒక కొసను కిటికీ ఊచకు ముడేసి, రెండోది నేనే గుంజుకుంటాను. చీర బాగానే సాఫవుతుంది. అవతల నుంచి ఎవరూ గుంజకపోవడమే ఇంకా అలవాటు కాలేదు.