మైకు నాకెందుకు బిడ్డా?

మనుషులు పరీక్ష తప్పి కొంప ముంచుకుంటారు. నేను పాసై ముంచాను. అదీ నా కొంప కాదు, యాదమ్మ కొంప. ఎలాగో చెప్తాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేం అనుకోను.

చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో నేను కూరలు వండుతాను. చపాతీలు యాదమ్మవి. యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, కొత్తగా చదువొచ్చినది నోరు మూయదు. మెట్రో స్తంభాలకు అంటించిన కోచింగ్ కాగితాలన్నీ పైకి చదువుతూ నడిచేదాన్ని. పక్కన యాదమ్మ కొంగుతో చెవులు మూసుకునేది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

ఇంతలో హాస్టల్ ఓనరు చపాతీలు చేసే మిషన్ కొన్నాడు. నెలాఖరుకు వేరే పని చూసుకోమని యాదమ్మకు చెప్పేశాడు. ఆమె బెంగపడలేదు. వంటమనుషులకు పని చూపించే యాప్ ఒకటి ఆమె ఫోన్లో ఉండేది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అది వినేది, తిరిగి తెలుగులో జవాబు చెప్పేది. దాంతో ముచ్చట పెట్టుకుని ఎల్బీ నగర్లో ఒక ఇంటి వంట దాదాపు ఖాయం చేసుకుంది. ఆ ఇంటివాళ్లు సరేనని కబురు పెడితే, ఈమె కూడా యాప్‌లోనే ఒప్పుకోవాలి. అప్పటిదాకా వాళ్ల నంబరు కనబడదు.

సరిగ్గా అప్పుడే ఆ యాప్ కంపెనీ నుంచి యాదమ్మకు ఫోను వచ్చింది. చదువు రానివాళ్లతో టెస్ట్ చేస్తున్నాం, ఒకసారి నాగోల్ ఆఫీసుకు రమ్మన్నారు.

మా చైతన్యపురిలో టెస్టంటే ఒకటే అర్థం. ఆదివారం రాస్తారు, సోమవారం ఏడుస్తారు.

"టెస్టంట, యాదమ్మా. నువ్వు పోతే ఫెయిలైతవ్. నేను పోత," అన్నాను.

"పో అక్కా. నాకు పిండి కలిపేదుంది," అంది పాపం.

ఇక చూడండి నా చదువు. యాదమ్మ ఫోను ముందు పెట్టుకుని, ఉల్లిగడ్డలు కోస్తూ, హాస్టల్ పిల్లల్లాగే బట్టీ పట్టాను. కుడిపక్క పచ్చది ఒప్పుకోవడం, ఎడమపక్క ఎర్రది వద్దనడం. నా పాఠం విని విని యాదమ్మకు కూడా నోటికొచ్చేసింది.

నాగోల్లో ఆఫీసంటే ఒక ఫ్లాటు. ధాన్యం బస్తాల్లాంటి మెత్తటి దిండ్లలో కూరుకుపోయి పిల్లలంతా ఒళ్లో కంప్యూటర్లు పెట్టుకున్నారు. నన్నూ ఒకదాంట్లో కూర్చోబెట్టారు. చిత్తడిలో దిగిన బర్రెలా ఇక లేవలేకపోయాను. శ్రావణి అనే అమ్మాయి ఎదురుగా కూర్చుంది. ఆ యాప్ ఎలా కనబడాలో నిర్ణయించేది ఆమేనట.

"కంగారు పడకండమ్మా. పరీక్ష మీకు కాదు, మా యాప్‌కి," అంది.

పరీక్ష పెట్టేవాళ్లంతా అలాగే అంటారు. మార్కులు మాత్రం మనకే వేస్తారు. నేను నమ్ముతానా? ఆమె అడగడం ఆలస్యం, టకటకా నొక్కేశాను. ప్రతి మాటా పైకి చదివి వినిపించాను. అడగనివి కూడా చదివాను.

"మైక్ నొక్కి మాట్లాడొచ్చు కూడా. ఒకసారి చూస్తారా?"

"మైకు నాకెందుకు బిడ్డా? అది చదువు రానోళ్లకు."

"కష్టంగా ఏమైనా అనిపించిందా?"

"ఏం లేదు. శానా అల్కగుంది."

వెనకాల నిలబడిన వాళ్ల బాసు చప్పట్లు కొట్టాడు. నాకు ఒక చేతిసంచి ఇచ్చి ఫోటో తీసుకున్నారు. ఆ సంచి ఊపుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి, కనబడినవాళ్లందరికీ చూపించి గానీ వంటింటికి రాలేదు.

వారం తిరిగేసరికి యాప్ కొత్త వేషం కట్టింది. ఆ రోజు నేను సాంబారు దగ్గరున్నాను.

"అక్కా, మైకేదే? మొన్నటిదాంక ఈడనే ఉండె," అంది యాదమ్మ.

ఎల్బీ నగర్ ఇంటివాళ్ల కబురు వచ్చిందట. గంటలోపల జవాబివ్వాలట.

"ఆగు, దించి ఒస్త," అన్నాను.

ఆమె ఆగలేదు. నా బట్టీ పాఠం ఉంది కదా అనుకుంది. కానీ పచ్చా లేదు, ఎరుపూ లేదు. అందం కోసం అన్నిటికీ ఒకటే లేత నీలం పూశారు, పక్కలు కూడా మార్చారు. పాఠంలో ఉన్నట్టే కుడిపక్క నొక్కింది. నేను చేతులు తుడుచుకుని వచ్చి ఫోను తీసుకుని చదివాను: "ఈ పని మీకు వద్దని తెలియజేశారు. ధన్యవాదాలు." ఒత్తులతో సహా ఒక్క తప్పు లేకుండా చదివాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోలేదు, యాదమ్మకు పని పోయింది.

మర్నాడే నాగోల్ పోయి శ్రావణిని నిలదీశాను. ఆ ఇంట్లో అప్పటికే వేరే మనిషి కుదిరిందట. మరి మైకెందుకు తీసేశారంటే, ఈ రోజుల్లో ఎంత తీసేస్తే అంత మంచి డిజైనంది. పైగా జనానికి మైకు అక్కర్లేదని డేటా చెప్పిందట.

"ఎవరమ్మా ఆ డేటా? ఓసారి పిలువు," అన్నాను.

ఆమె కంప్యూటరు నా వైపు తిప్పింది. అందులో నేనే, దిండులో మునిగిపోయి, పళ్లన్నీ బయటపెట్టి, "మైకు నాకెందుకు బిడ్డా" అంటున్నాను.

డేటా అంటే ఎవరో పెద్దాఫీసరనుకున్నాను. చేతిసంచికి మురిసిపోయిన ముసలిదని తెలియదు.

పాపం శ్రావణికీ బాధేసినట్టుంది. మళ్లీ టెస్టుంది, మీ ఇబ్బంది అందులో చెప్పండంది. ఈసారి ఫెయిలవ్వాలనే పోయాను. ఫోను తలకిందులుగా పట్టుకున్నాను. ఏది అడిగినా రాదన్నాను, నా పేరు చూపించినా ఎవరిదో అన్నాను. ఇక మైకు తిరిగొచ్చినట్టే అనుకుంటుండగా బాసు శ్రావణి వైపు వంగి, "ఈవిడ మన యూజర్ కాదు. ఇంకెవరినైనా పిలువు," అన్నాడు.

వచ్చి యాదమ్మకు చెప్పాను. వెనక మిషన్ టపటపా చపాతీలు పడేస్తోంది. ఆమె నవ్వలేదు.

"ఫెయిలయ్యేదాంట్ల గూడ ఫస్టే ఒచ్చినవ్ గదక్కా," అంది.

ఇప్పుడు ఆమె గేటు గేటుకూ తిరిగి, నోటితోనే పని అడుగుతోంది.

అందుచేత యాభై ఆరు అక్షరాల సాక్షిగా, ఒత్తులూ గుణింతాలూ వింటుండగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ టెస్టుకూ యాదమ్మకు బదులు నేను పోను. సులువుగా ఉందా అని ఎవరడిగినా, నన్ను కాదు ఆమెను అడగండంటాను. నిలబెట్టుకోవడానికి ఇంత అల్కటి ప్రమాణం ఇంకోటి లేదు. మా ఇద్దరినీ వాళ్లెలాగూ పిలవరు.